ఇంటి ఇన్వర్టర్‌కి సరైన ఎర్తింగ్: గుంత దగ్గర్నుంచి డీబీ దాకా

మధిర దగ్గర మా పెద్దమ్మ వాళ్ల ఊరు. రెండేళ్ల కిందట ఫోన్ చేసి, "నాయనా, బ్యాటరీలో నీళ్లు పోద్దామని వంగితే ఇన్వర్టర్ డబ్బా జిల్లుమంటోంది. చెప్పులేసుకుంటే ఏం లేదు, వట్టి కాళ్లతో ముట్టుకుంటేనే" అంది. ముట్టుకోవద్దని చెప్పి మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ఇంటి వెనక ఎర్త్ గుంత బ్రహ్మాండంగా ఉంది, పైపు మీద సిమెంటు మూత కూడా వేశారు. మెయిన్ ఆపి, ఇన్వర్టర్ ప్లగ్గు తీసి, 16 యాంపుల సాకెట్ విప్పి చూశాను. ఫేజు స్క్రూకి తీగ ఉంది, న్యూట్రల్ స్క్రూకి తీగ ఉంది. ఎర్త్ స్క్రూ మాత్రం కొత్తది కొత్తగా మెరుస్తోంది. దాన్ని ఎవరూ ఒక్క చుట్టు కూడా తిప్పలేదు. పచ్చ తీగ కొసకి టేపు చుట్టి బాక్సు మూలకి తోసేశారు. గుంత తవ్వడానికి, పైపుకి, ఉప్పుకి, బొగ్గుకి డబ్బులు పెట్టినా, ఆఖరి నాలుగంగుళాల దగ్గర పని ఆగిపోయింది.

ఇలాంటివి నేను చాలా చూశాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. ఎర్తింగ్ అంటే గుంత ఒక్కటే కాదు. గుంత నుంచి డీబీకి (ఇంటి లైన్లన్నీ విడిపోయే డిస్ట్రిబ్యూషన్ బోర్డుకి), డీబీ నుంచి సాకెట్‌కి, సాకెట్ నుంచి ఇన్వర్టర్ డబ్బాకి, అక్కణ్నుంచి మీ టేబుల్ ఫ్యాను జాలీ దాకా ఎక్కడా తెగని ఒక దారి. పైగా ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఆ దారి రెండు సందర్భాల్లో పనిచేయాలి: కరెంటు ఉన్నప్పుడు, కరెంటు పోయినప్పుడు. రెండోదాన్ని పరీక్షించేవాళ్లు చాలా తక్కువ.

ముందే ఒక మాట. డీబీ విప్పడం, ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పి లీకైతే పసిగట్టి లైను కోసే స్విచ్చు) బిగించడం, ఇన్వర్టర్ లైను వేరు చేయడం లైసెన్సున్న కాంట్రాక్టరు చేత చేయించాల్సిన పనులు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమాలు చెప్పేదీ అదే. ఇది చదివితే మీరు ఎలక్ట్రీషియన్ అయిపోరు. వచ్చినతను ఏం చేస్తున్నాడో అర్థమవుతుంది, ఏది అడగాలో తెలుస్తుంది. గుంత చూసుకోవడం, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కడం, ఏటా రీడింగులు రాసి పెట్టించుకోవడం మాత్రం మీ చేతిలో పనులే.

"12 వోల్టులే కదా" అనే పొరపాటు

బ్యాటరీ 12 వోల్టులే. కానీ ఇన్వర్టర్ నుంచి బయటికొచ్చేది 230 వోల్టులు. కరెంటు ఆఫీసు లైనులో వచ్చేదీ అంతే. షాకు కొట్టేటప్పుడు అది ఎక్కణ్నుంచి వచ్చిందని మన గుండె అడగదు.

చాలా ఇన్వర్టర్ల లోపల ఫేజుకీ డబ్బాకీ మధ్య, న్యూట్రల్‌కీ డబ్బాకీ మధ్య చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా పోయే కొద్దిపాటి కరెంటుని ఎర్త్ తీగ భూమిలోకి తీసుకుపోతుంది. ఎర్త్ లేకపోతే డబ్బా మీద సుమారు సగం వోల్టేజీ, 115 ప్రాంతంలో, నిలబడుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని వదిలేస్తుంది. పెద్దమ్మకి తగిలింది అదే. ఆ జిల్లు వల్ల చచ్చిపోరు, నిజమే. కానీ ఆ డబ్బాకి ఎర్త్ లేదని అది చెబుతోంది. రేపు లోపల ఫేజు తీగ ఇన్సులేషన్ అరిగి రేకుకి ఆనితే అదే డబ్బా మీద పూర్తి 230 ఉంటుంది, ఆపేవాడు ఎవడూ ఉండడు. "కొంచెం జిల్లుమంటుంది, పర్లేదు" అని ఎవరైనా అంటే ఆ మాట వినకండి.

మన ఇళ్లకి ఎర్త్ ఎక్కణ్నుంచి వస్తుంది

వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టుల్ని మనకి కావలసిన స్థాయికి దించుతుంది. దాని న్యూట్రల్‌ని అక్కడే భూమిలోకి కలుపుతారు. స్తంభం నుంచి మామూలు సింగిల్ ఫేజు ఇంటికి వచ్చేవి రెండే తీగలు, ఫేజు, న్యూట్రల్. ఎర్త్ తీగ రాదు. దాన్ని మన ఇంటి దగ్గర మనమే పుట్టించుకోవాలి.

ఇక్కడ ఒక లెక్క చూడండి. మీ గుంత నిరోధం 10 ఓములు అనుకుందాం, మంచి గుంతే. ఫ్రిజ్ బాడీకి ఫేజు తగిలితే ఎర్త్ గుండా పోయే కరెంటు ఎక్కువలో ఎక్కువ 230ని 10తో భాగిస్తే వచ్చే 23 యాంపులు. ఆ లైను మీద 16 యాంపుల ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడి లైను ఆపే స్విచ్చు) ఉంది. సీ రకం ఎంసీబీ టక్కున పడాలంటే దాని రేటింగుకి 5 నుంచి 10 రెట్లు, అంటే 80 నుంచి 160 యాంపులు పోవాలి. 23 యాంపులకైతే గంట పట్టినా పట్టొచ్చు. అంతసేపూ ఫ్రిజ్ బాడీ మీద ప్రాణాంతకమైన వోల్టేజీ ఉంటుంది.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఇంకా కష్టం. 900 వీఏ ఇన్వర్టర్ ఇవ్వగలిగేదే సుమారు 4 యాంపులు. అది 16 యాంపుల ఎంసీబీని ఎప్పటికీ పడేయలేదు.

అందుకే ఎర్త్ ఒక్కటే చాలదు, దానికి జోడీగా 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ ఉండాలి. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా కొంచెం దారి తప్పినా అది పసిగట్టి సెకనులో మూడో వంతు లోపే లైను కోసేస్తుంది. డబ్బా మీద 50 వోల్టులు దాటకూడదనుకుంటే, ఆ 50ని 0.03 యాంపులతో (30 మిల్లీ యాంపులంటే అంతే) భాగిస్తే 1,666 ఓములు. అంటే ఎర్త్ అంత మంచిది కాకపోయినా ఆర్‌సీసీబీ తన పని చేస్తుంది. అలాగని ఎర్త్‌ని నిర్లక్ష్యం చేయొద్దు. ఎర్త్ ఉంటే తప్పు జరిగిన క్షణాన్నే ఆర్‌సీసీబీ పడుతుంది. ఎర్త్ లేకపోతే మనిషి ముట్టుకున్నాకే పడుతుంది.

మొదటి పని: ఉన్న ఎర్త్ సంగతి తేల్చుకోవడం

కొత్త గుంత తవ్వే ముందు పాతది ఏ స్థితిలో ఉందో చూడాలి. మన ఎలక్ట్రీషియన్లు ఎప్పట్నుంచో చేసేది టెస్ట్ ల్యాంపు పరీక్ష: సాకెట్‌లో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య ఫిలమెంటు బల్బు పెట్టి చూడటం. బల్బు వెలగకపోతే ఎర్త్ తెగినట్టు. అంతవరకు ఈ పరీక్ష మంచిదే. బాగా వెలిగింది కాబట్టి ఎర్త్ బాగుందనుకోవడమే తప్పు. 60 వాట్ల బల్బు లాగేది పావు యాంపు. గుంత నిరోధం 100 ఓములున్నా బల్బుకి ఇంకా 205 వోల్టుల దాకా అందుతాయి, కంటికి తేడా సరిగా తెలియదు. ఎల్‌ఈడీ బల్బుతో అసలు చేయొద్దు, చిటికెడు కరెంటుకే వెలుగుతుంది. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో ఈ పరీక్ష చేస్తే అది వెంటనే పడిపోతుంది, అలా పడటమే సరైనది.

మల్టీమీటర్‌తో మూడు రీడింగులు తీయించండి. ఫేజు–న్యూట్రల్ 230 ప్రాంతంలో ఉండాలి. ఫేజు–ఎర్త్ దానికి దగ్గరగా ఉండాలి. న్యూట్రల్–ఎర్త్ సున్నా నుంచి రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. న్యూట్రల్–ఎర్త్ మధ్య పదులకొద్దీ వోల్టులు కనిపిస్తే ఎర్త్ తేలిపోయి ఉంది, లేదా న్యూట్రల్ వదులైంది. సాకెట్‌కి ఎదురుగా నిలబడి చూస్తే పైన ఎర్త్ రంధ్రం, కుడి చేతి వైపు ఫేజు, ఎడమ వైపు న్యూట్రల్ ఉండాలి. ఇన్వర్టర్ సాకెట్‌లో ఫేజు, న్యూట్రల్ తారుమారు కాకుండా చూడటం మిగతా సాకెట్ల కంటే చాలా ముఖ్యం. చాలా ఇంటి ఇన్వర్టర్లలో న్యూట్రల్ ఇన్‌పుట్ నుంచి ఔట్‌పుట్‌కి నేరుగా పోతుంది. తారుమారైతే ఇంట్లో న్యూట్రల్ అనుకున్న తీగలోకి ఫేజు వచ్చేస్తుంది.

గుంత అసలు నిరోధం తెలియాలంటే ఎర్త్ టెస్టర్ కావాలి. గుంత తీగని మిగతా వైరింగ్ నుంచి విడదీసి, రెండు చిన్న రాడ్లు దూరంగా పాతి కొలుస్తారు. చివరి రాడ్డు 20 మీటర్ల దూరంలో ఉంటే మధ్య రాడ్డు 12 మీటర్ల పైచిలుకు దగ్గర, అంటే 62 శాతం దూరంలో పెడతారు. విడదీసినంతసేపూ ఇంట్లో మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపి ఉంచాలి. ఇంటికి 5 ఓముల లోపు వస్తే చాలా మంచిది. 10 దాకా ఆర్‌సీసీబీతో కలిపి నిశ్చింతగా ఉండొచ్చు.

రెండో పని: గుంత

భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 ప్రకారం జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లకి, పొడవు రెండున్నర మీటర్లకి తగ్గకూడదు. గుంత ఇంటి గోడకి కనీసం మీటరున్నర దూరంలో ఉండాలి. వంటింటి నీళ్లో, బాత్రూం నీళ్లో చేరే చోటైతే ఎప్పుడూ తడి ఉంటుంది, ఇంకా మంచిది.

"లావు పైపు వేద్దామా?" అని అడుగుతారు. లావు కంటే లోతు ముఖ్యం. ఒక మాదిరి తడి నేలలో రెండున్నర మీటర్ల పైపు ఒక్కటే, ఉప్పూ బొగ్గూ ఏమీ లేకుండా, సుమారు 17 ఓములు ఇస్తుంది. అదే పైపు లావు రెట్టింపు చేస్తే తగ్గేది ఎనిమిదో వంతు. పొడవు రెట్టింపు చేసి 5 మీటర్ల లోతుకి దించితే 10 ఓముల దగ్గరికి వచ్చేస్తుంది. అంత లోతు తవ్వలేని చోట రెండు గుంతలు తీసి కలపండి. రెండింటి మధ్య కనీసం ఒక పైపు పొడవంత దూరం ఉండాలి. దగ్గర దగ్గరగా పాతితే రెండూ ఒకే మట్టిని పంచుకుంటాయి, పెద్దగా లాభం ఉండదు.

నేలని బట్టి పని మారుతుంది. మా ఖమ్మం వైపు నల్లరేగడిలో వానాకాలం రీడింగు చూసి మురిసిపోతాం. ఏప్రిల్, మే వచ్చేసరికి నేల నెర్రెలిచ్చి పైపు చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది, అప్పుడు అదే గుంత మొరాయిస్తుంది. అందుకే కొలిస్తే ఎండాకాలంలోనే కొలవాలి. హైదరాబాద్‌లో రెండడుగులు తవ్వగానే బండ తగిలే చోట్లు ఎన్నో. అక్కడ బోరు మిషనుతో సన్నగా లోతుకి దించడమో, కాంపౌండు గోడ వెంబడి పొడుగ్గా కాలవ తీసి జీఐ పట్టీ పరవడమో చేయాలి. కోనసీమ లాంటి డెల్టా నేలలో తడికి లోటుండదు కాబట్టి రీడింగు తేలిగ్గా వస్తుంది. సముద్రానికి దగ్గరైతే ఉప్పు గాలికి, ఉప్పు నీటికి జీఐ తొందరగా తినేస్తుంది, జాయింట్లు తరచూ చూసుకోవాలి.

ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా వేయడం పాత పద్ధతి, పనిచేస్తుంది. కాకపోతే వానకి ఉప్పు కొట్టుకుపోతుంది, ఉన్నన్నాళ్లూ పైపుని తింటుంది. అందుకని నేను బెంటొనైట్ మట్టి వేయమంటాను. నీటిని పట్టి ఉంచుకుంటుంది, లోహానికి అంత హాని చేయదు. పైపుకి అక్కడక్కడ రంధ్రాలు వేయించి, పైన గరాటు పెట్టి, చుట్టూ ఇటుకలతో చిన్న గూడు కట్టి, తీయడానికి వీలుండే మూత పెట్టండి. మూత మీద గచ్చు చేసేసిన ఇళ్లు ఎన్నో చూశాను. జాయింటు తుప్పు పట్టిందో లేదో చూడాలంటే ఇక పగలగొట్టాల్సిందే.

నీళ్ల పైపుని, గ్యాసు పైపుని, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న డిపార్ట్‌మెంటు వాళ్ల ఎర్త్‌ని మీ ఎర్త్‌గా వాడుకోవద్దు. నీళ్ల పైపులో ఎవరో ఒకరు మధ్యలో పీవీసీ ముక్క వేసిన రోజు మీ ఎర్త్ పోతుంది. దానికంటే ఘోరం, అటువైపు మిగిలిన ఇనుప పైపు మీదికి మీ లీకేజీ వెళ్తుంది.

మూడో పని: గుంత నుంచి సాకెట్ దాకా

గుంత నుంచి డీబీ వరకు 25 బై 3 జీఐ పట్టీ వేస్తే దెబ్బ తగిలినా, కొంత తుప్పు పట్టినా ఏళ్లపాటు నిలుస్తుంది. చాలా ఇళ్లలో 8 నంబరు జీఐ తీగ ఉంటుంది. అది కూడా నడుస్తుంది కానీ మట్టిలోకి దిగే చోట, గోడలోకి పోయే చోట తెగకుండా పైపులోంచి తీయాలి. పైపుకి తీగని చుట్టి వదిలేయొద్దు. క్లాంపు వేసి నట్టు, బోల్టు, స్ప్రింగు వాషరుతో బిగించాలి. రాగి తీగని జీఐ పైపుకి నేరుగా కలిపితే ఆ తడిలో జీఐ తొందరగా తినేస్తుంది. తగరం పూత ఉన్న లగ్గు (తీగ కొసకి బిగించే లోహపు ముక్క) వాడి, జాయింటు నేలకి పైనే ఉండేలా చూసి, మీద గ్రీజు రాయండి.

డీబీలో ఎర్త్ బార్ అని ఇత్తడి పట్టీ ఉంటుంది. ప్రతి లైను పచ్చ తీగా అక్కడికే రావాలి, ఒక్కో స్క్రూ కింద ఒక్కో తీగ. ఇన్వర్టర్ సాకెట్‌కి 2.5 ఎస్‌క్యూ ఎంఎం రాగి తీగలు మూడూ వేయండి. ఎర్త్ తీగ ఫేజు తీగ అంత మందం ఉండాలి. "ఎర్త్‌లో కరెంటు పోదు కదా" అని సన్న తీగ వేస్తారు. అసలు అవసరం వచ్చిన రోజు పోయేది దాంట్లోనే.

ఇన్వర్టర్ ప్లగ్గు మూడు పిన్నులది. ఎర్త్ పిన్ను మిగతా రెండింటికంటే పొడుగ్గా ఉంటుంది, ముందు ఎర్త్ తగిలి తర్వాత ఫేజు తగలాలని. పాత ఇంట్లో రెండు పిన్నుల సాకెట్ ఉందని ఆ పిన్ను కోసేసేవాళ్లున్నారు. సాకెట్ మార్చండి, పిన్ను జోలికి పోవద్దు. ఇన్వర్టర్ వెనక ఎర్త్ గుర్తుతో ప్రత్యేకంగా స్క్రూ ఉంటే దానికి వేరే పచ్చ తీగ లగ్గు వేసి బిగించి డీబీ ఎర్త్ బార్‌కి తెండి. రంగు పూత మీద లగ్గు బిగిస్తే సరిగా తగలదు, ఆ కాస్త చోట గరుకు కాగితంతో గీకాలి.

బ్యాటరీ నెగటివ్‌ని ఎర్త్ చేయాలా అంటే, కంపెనీ పుస్తకంలో చేయమని ఉంటే తప్ప చేయొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ లేని కొన్ని రకాల్లో బ్యాటరీ టెర్మినళ్లకీ 230కీ మధ్య పూర్తి విడదీత ఉండదు. బ్యాటరీతో షాకు భయం లేకపోయినా వేరే భయం ఉంది. 150 ఏహెచ్ బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద పానా అడ్డంగా పడితే వందల యాంపులు పోతాయి, ఇనుము ఎర్రగా కాలుతుంది. గాజులు, ఉంగరాలు, గొలుసు తీసి పక్కన పెట్టాకే చెయ్యి పెట్టండి. ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలాడే చోట పెట్టాలి. దేవుడి గూటి కింద, దీపం పక్కన పెట్టొద్దు.

నాలుగో పని: ఇన్వర్టర్ లైను, దాని న్యూట్రల్

అసలు తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. మన దగ్గర మామూలుగా ఏం చేస్తారంటే, ఇన్వర్టర్ ఔట్‌పుట్ నుంచి ఒక్క ఫేజు తీగ తీసి లైట్లకీ ఫ్యాన్లకీ కలుపుతారు. న్యూట్రల్ ఇంటిదే వాడేస్తారు. పని తొందరగా అయిపోతుంది, లైట్లు వెలుగుతాయి, ఇంటివాళ్లు సంతోషిస్తారు.

ఇప్పుడు ఈ ఇంట్లో మెయిన్‌కి ఆర్‌సీసీబీ ఉందనుకోండి. వరండాలో ఇన్వర్టర్ లైను మీదున్న టేబుల్ ఫ్యాన్‌కి లీకేజీ వచ్చింది, ఆర్‌సీసీబీ పడింది. బాగానే ఉంది. కానీ ఇన్వర్టర్‌కి అది ఎలా కనిపిస్తుంది? "కరెంటు పోయింది" అన్నట్టు కనిపిస్తుంది. రెప్పపాటులో బ్యాటరీ మీదికి మారి, అదే ఫ్యానుకి, అదే లీకేజీకి మళ్లీ 230 అందిస్తుంది. ఆర్‌సీసీబీ కోసేసిన లైనుని ఇన్వర్టర్ తిరిగి బతికిస్తుందన్నమాట. న్యూట్రల్ ఆర్‌సీసీబీకి ముందు నుంచి వచ్చి ఉంటే ఆ షాకు పూర్తి బలంతో కొనసాగుతుంది. ఇది అర్థమైతే తర్వాతి పని ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఇన్వర్టర్ ఔట్‌పుట్ నుంచి ఫేజు, న్యూట్రల్ రెండూ తీయాలి. రెండూ ఒక 30 మిల్లీ యాంపుల డబుల్ పోల్ ఆర్‌సీసీబీ గుండా పోవాలి. దాని తర్వాత ఇన్వర్టర్ లైట్లకీ ఫ్యాన్లకీ విడిగా న్యూట్రల్ బార్ పెట్టాలి. ఆ బార్‌లోకి ఇంటి మామూలు న్యూట్రల్ ఒక్కటి కూడా కలవకూడదు. కలిస్తే ఆర్‌సీసీబీ ఊరికే పడుతూ ఉంటుంది. అప్పుడు వచ్చినతను "ఇది మీ ఇంటికి పడదండీ" అని ఆర్‌సీసీబీనే తీసేస్తాడు. పాత ఇళ్లలో న్యూట్రళ్లు విడదీయడం ఒకరోజు పని, కొన్నిచోట్ల కొత్త తీగ లాగాలి. ఆ ఖర్చు దగ్గర వెనకాడొద్దు. ఎర్త్ మాత్రం రెండింటికీ ఒకటే, దాన్ని ఎక్కడా విడదీయకూడదు, స్విచ్చు గుండా పోనివ్వకూడదు.

మెయిన్‌లో కూడా ఆర్‌సీసీబీ పెట్టుకోదలిస్తే అక్కడ 100 మిల్లీ యాంపులది, ఆలస్యంగా పడే ఎస్ రకం పెట్టి, దాని కింద గీజరు, సాకెట్ల లైనుకి ఒక 30, ఇన్వర్టర్ ఔట్‌పుట్‌కి ఒక 30 పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. తప్పు ఎక్కడ జరిగితే అక్కడిది ముందు పడుతుంది.

ఇంకోటి. ఇన్వర్టర్ ఔట్‌పుట్‌ని రెండు వైపులా ప్లగ్గున్న తీగతో గోడ సాకెట్‌లోకి గుచ్చి ఇల్లంతా వెలిగించే పని ఎప్పుడూ చేయొద్దు. మీ మెయిన్ ఆపడం మర్చిపోతే ఆ 230 స్తంభం మీదికి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వెనక నుంచి చూస్తే అది 230ని వేల వోల్టులుగా పెంచే యంత్రం. లైను ఆపామన్న ధీమాతో లైన్‌మన్ స్తంభం మీద ఉంటాడు.

న్యూట్రల్‌ని, ఎర్త్‌ని కలపొచ్చా?

ఇంట్లో కలపకూడదు. సాకెట్ వెనక న్యూట్రల్ స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకి చిన్న లూపు వేసి "ఎర్త్ వచ్చేసింది చూడండి" అని బల్బు వెలిగించి చూపించేవాళ్లున్నారు. బల్బు నిజంగానే వెలుగుతుంది. కానీ స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజు, ఆన్‌లో ఉన్న ప్రతి లైటు గుండా ఫేజు ఆ లూపులోంచి వచ్చి ఫ్రిజ్ మీదికి, వాషింగ్ మెషిన్ మీదికి, ఇన్వర్టర్ డబ్బా మీదికి ఎక్కుతుంది. గాలివానకి న్యూట్రల్ తెగడం మన ఊళ్లలో కొత్త సంగతేం కాదు. ఇలాంటి లూపు కనిపిస్తే ఆ రోజే తీయించండి. న్యూట్రల్ పోయినప్పుడు ఎర్త్ తీగనే న్యూట్రల్‌గా వాడి లైట్లు వెలిగించుకోవడం కూడా అంతే ప్రమాదం.

మరి కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్‌కి భూమితో సంబంధం ఎలా? మామూలు ఇంటి ఇన్వర్టర్‌లో న్యూట్రల్ నేరుగా పోతుంది కాబట్టి, స్తంభం మీది న్యూట్రల్ ద్వారా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్‌తో సంబంధం ఉంటుంది. ఆర్‌సీసీబీ పడటానికి కావలసిన తిరుగుదారి అదే. ఆ ప్లగ్గు పీకినా, డబుల్ పోల్ మెయిన్ ఆపినా న్యూట్రల్ కూడా తెగి ఇన్వర్టర్ లైను గాలిలో తేలుతుంది. ఒకసారి అలా మెయిన్ ఆపి, ఇన్వర్టర్ లైనులో న్యూట్రల్–ఎర్త్ మధ్య మీటరు పెడితే నూటికి దగ్గరగా చూపించింది. న్యూట్రలే కదా అని చెయ్యి పెట్టే తీగ అది. తేలుతున్న లైనులో మొదటి లీకేజీకి ఆర్‌సీసీబీ పడదు. తప్పు దాక్కుని ఉండి, రెండోది జరిగినప్పుడు బయటపడుతుంది. కాబట్టి మెయిన్ ఆపి ఇన్వర్టర్ మీద గంటలకొద్దీ నడపడం అలవాటు చేసుకోవద్దు.

సోలార్ హైబ్రిడ్ ఇన్వర్టర్ల సంగతి వేరు. వాటిలో చాలావరకు కరెంటు పోగానే ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచేస్తాయి. అలాంటి వాటిలో బ్యాటరీ మీద నడిచేటప్పుడు మాత్రమే న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపి, కరెంటు రాగానే విడదీసే రిలే (దానంతటదే మారే స్విచ్చు) లోపలే ఉండొచ్చు, కొన్నింటిలో సెట్టింగు చేయాలి. ఆ పని రిలే చేయాలి తప్ప శాశ్వతంగా తీగ కట్టకూడదు. బిగించడానికి వచ్చినతన్ని, "బ్యాకప్‌లో న్యూట్రల్–ఎర్త్ రిలే ఉందా, ఆన్ చేశారా?" అని అడగండి. పైకప్పు మీద ప్యానెళ్ల ఫ్రేములకి, పిడుగు రాడ్డుకి విడివిడి గుంతలు వేయడం ఇక్కడి ఆనవాయితీ. పిడుగు రాడ్డు తీగని ఇంట్లోంచి తేకుండా బయటినుంచే దించాలి.

ఐదో పని: కరెంటు లేనప్పుడు పరీక్ష

అంతా బిగించాక, ఎలక్ట్రీషియన్ వెళ్లకముందే ఇది చేయించండి. ముందు కరెంటు ఉండగా ఇన్వర్టర్ ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కాలి, టక్కున పడాలి. తర్వాత ఇన్వర్టర్ సాకెట్ స్విచ్చు ఆపి బ్యాటరీ మీదికి రానివ్వాలి. ఆ స్విచ్చు ఫేజుని మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్ అలాగే ఉంటుంది, నిజంగా కరెంటు పోయినట్టే. ఇప్పుడు బటన్ మళ్లీ నొక్కాలి, మళ్లీ పడాలి. ఆ బటన్ లోపలి యంత్రాన్ని మాత్రమే పరీక్షిస్తుంది, ఎర్త్‌ని కాదు. అందుకే మూడోసారి, బ్యాటరీ మీద ఉండగానే, ఇన్వర్టర్ లైను సాకెట్‌లో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టించాలి. ఆర్‌సీసీబీ పడిందా, దారి మొత్తం పనిచేస్తున్నట్టే. పడకుండా బల్బు వెలిగినా, అసలు వెలగకపోయినా, పని పూర్తికాలేదు. డబ్బులిచ్చేయకుండా ఎక్కడ తెగిందో వెతికించండి.

స్క్వేర్ వేవ్ రకం ఇన్వర్టర్లలో చౌక మల్టీమీటర్ వోల్టేజీ తప్పు చూపిస్తుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు. అక్కడ చూడాల్సింది న్యూట్రల్–ఎర్త్ రీడింగు కరెంటు ఉన్నప్పటిలాగే తక్కువగా ఉందా లేదా అన్నది.

అపార్ట్‌మెంట్లలో గుంత మీ చేతిలో ఉండదు. మీటర్ల గది నుంచి ఫ్లాటు డీబీ దాకా ఎర్త్ తీగ వచ్చిందో లేదో లూప్ టెస్టరుతో (ఎర్త్ దారి నిరోధం కొలిచే మీటరుతో) చూపించుకోండి. డీబీలో పచ్చ తీగ కనబడినంత మాత్రాన అది కింద దేనికో తగులుకుని ఉందని కాదు. రాకపోతే అసోసియేషన్ మీటింగులో అడగండి, అది అందరి ప్రాణాల సంగతి.

ఆ తర్వాత

నెలకోసారి, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూసే రోజునే, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కండి. ఎండాకాలంలో వారానికోసారి గుంత గరాటులో రెండు బకెట్ల నీళ్లు పోయండి. ఏడాదికోసారి, మే నెలలో, జాయింటు విప్పించి తుప్పు గీకించి, రీడింగు తీయించండి.

డీబీ మూత లోపలి వైపు ఒక కాగితం అంటించండి. గుంత ఎక్కడుంది, ఏ తేదీన కొలిస్తే ఎన్ని ఓములు వచ్చాయి, ఏ ఆర్‌సీసీబీ ఇన్వర్టర్‌ది. మూత బయట, కనబడేట్టు ఎర్ర అక్షరాలతో: "ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. మెయిన్ ఆపినా ఈ లైను ఆగదు." పెద్దమ్మ వాళ్లింట్లో ఆ రోజు పచ్చ తీగ బిగించి, పెద్దమ్మ చేత వట్టి కాళ్లతో డబ్బా ముట్టించి చూశాక, వెళ్లేముందు నేను చివరగా రాసి అంటించింది ఆ కాగితమే.